రాబందులు పోతే మనిషికి ఏమవుతుంది? ఒక పశువైద్యుడి సమాధానం

అడిగిన ప్రశ్న ఇది: "డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. 'జీవవైవిధ్యానికీ, మనిషి ఆరోగ్యానికీ, పర్యావరణానికీ ఉన్న సంబంధాన్ని సుస్థిరాభివృద్ధి దృష్టితో వివరించండి' అని పరీక్షలో వచ్చింది. పుస్తకంలో ఉన్నదే రాశాను గానీ నాకే నమ్మకం కుదరలేదు. ఎక్కడో ఒక పక్షి కనబడకుండా పోతే మా ఊళ్లో మనిషికి నిజంగా జబ్బు చేస్తుందా? లేక వినడానికి బాగుంటుందని చెప్పే మాటా?"

నిజంగానే జబ్బు చేస్తుందమ్మా. చేసింది కూడా, మన దేశంలోనే, మీరు పుట్టడానికి కొంచెం ముందు. ఆ పక్షి రాబందు. నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం గడిచింది అనంతపురం జిల్లా పల్లెల్లోనే. రాబందుల్ని తుడిచిపెట్టిన మందు ఏళ్ల తరబడి నా చేతిసంచిలో కూడా ఉంది. అందుకని ఈ సంగతి జరిగింది జరిగినట్టు, మొదటినుంచీ చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ప్రతి ఊరికీ గొడ్లు పారేసే చోటు ఒకటి ఉండేది. ఊరికి దిగువన, గాలి ఊరి మీదికి కొట్టని దిక్కున, ఏ వంక ఒడ్డునో రాళ్లగుట్ట పక్కనో. ఎద్దు చచ్చినా బర్రె చచ్చినా బండి మీద వేసుకునో, కాళ్లకు తాడు కట్టి ఈడ్చో అక్కడికి చేర్చేవాళ్లు. చర్మం తీసేవాళ్లు వచ్చి తీసుకునేవాళ్లు. వాళ్లు లేచి నాలుగడుగులు పక్కకు వేశారో లేదో, అంతవరకూ ఆకాశంలో చుక్కల్లా తిరుగుతున్న రాబందులు ఒక్కొక్కటే రెక్కలు ముడిచి దిగేవి. ముప్పై, నలభై పక్షులు మీద పడితే ముక్కాలు గంటలో ఎముకల గూడు మిగిలేది. ఆ ఎముకలు ఎండాక వాటిని ఏరుకునేవాళ్లు ఏరుకుని బస్తాలకెత్తి అమ్ముకునేవాళ్లు. వారం తర్వాత అటుగా వెళితే వాసన కూడా ఉండేది కాదు.

ఆ పని ఎవరూ పురమాయించింది కాదు. దానికి పంచాయతీ జమాఖర్చుల్లో పైసా ఖర్చు లేదు. ఊరి ఆరోగ్యం కాపాడే పనుల్లో అది కూడా ఒకటని పశువైద్యం చదువుకున్న నాకే అప్పుడు తట్టలేదు.

ఎందుకు ఆరోగ్యం అంటున్నానో చెబుతాను. రాబందు కడుపులోని ఆమ్లం మహా ఘాటైనది, పీహెచ్ విలువ ఒకటికి దగ్గరగా ఉంటుంది. కుళ్లిన మాంసంలో ఉండే సూక్ష్మజీవుల్లో చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. పైగా అది చచ్చినదాన్నే తింటుంది, బతికిన జంతువు జోలికి రాదు, ఇళ్ల మధ్య తిరగదు, మనిషిని కరవదు. కుళ్లు మొదలవ్వకముందే వచ్చి, జబ్బు ఇంకొకరికి అంటుకునేలోపే దారి మూసేస్తుంది. ఈ లక్షణాలన్నీ కలిసి ఉన్న జీవి మన నేల మీద ఇంకొకటి లేదు. కుక్క తింటుంది, కాకి తింటుంది, ఎలుక తింటుంది, కానీ ఆ మూడూ తిని మళ్లీ మన వాకిట్లోకే వస్తాయి.

మన దేశానికి ఈ పక్షి ఇంత అవసరం కావడానికి వేరే కారణం కూడా ఉంది. 2019 పశుగణన ప్రకారం ఆవులు, ఎద్దులు, బర్రెలు కలిపి ముప్పై కోట్లకు పైనే. చాలా రాష్ట్రాల్లో ఆవుల్ని కోయరు, అవి ముసలివై చస్తాయి. ఆ కళేబరాలన్నింటినీ ఎక్కడికో ఒకచోటికి చేర్చాలి. ధనిక దేశాల్లో దానికి కర్మాగారాలుంటాయి, వాహనాలుంటాయి, చట్టాలుంటాయి. మనకు రాబందులుండేవి.

ఇక మందు సంగతి. డైక్లోఫెనాక్ అనేది నొప్పికీ వాపుకీ జ్వరానికీ ఇచ్చే మందు. మనుషులకు ముందునుంచే ఉంది. 1990లలో పేటెంటు గడువు తీరాక చిన్న చిన్న కంపెనీలన్నీ తయారుచేయడం మొదలుపెట్టాయి, ధర పడిపోయింది, పశువుల మందుల షాపుల్లోకీ వచ్చింది. రైతు దగ్గర దానికి వచ్చిన పేరు ఇంకే సూదికీ రాలేదు. దుక్కుల కాలంలో కీలు వాచి ఎద్దు లేవలేకపోతే రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున సూది వేస్తే సాయంత్రానికి ఎద్దు లేచి మేత మీద మూతి పెట్టేది. పొదుగువాపుకు, గాలికుంటుకు, ఈత కష్టమైన ఆవుకు, జ్వరానికి, అన్నిటికీ తోడుగా అదే సూది వేసేవాళ్లం. మేము వేశాం, ఊళ్లలో పశువులకు సేవలందించే గోపాలమిత్రలు వేశారు, షాపులో కొనుక్కుని రైతులే వేసుకున్నారు. ఇందులో ఎవరి మనసులోనూ చెడు లేదు. నోరులేని జీవి నొప్పి తగ్గించాలనే అందరి తాపత్రయం.

రాబందులు తగ్గుతున్నాయని నేను ఏ ఏడాది గమనించానో కచ్చితంగా చెప్పలేను. లేకపోవడం అనేది ఒక రోజున కనబడేది కాదు. పారేసే చోట వాసన రావడం మొదలైంది, మొదట అదే తెలిసింది. ఊరివాళ్లు 'రాబందులు రావట్లేదు సార్, కుక్కలే' అనడం మొదలుపెట్టారు. జటాయువు నేల కూలిన చోటని చెప్పుకునే లేపాక్షి అప్పట్లో మా అనంతపురం జిల్లాలోనే ఉండేది. అక్కడికి వచ్చిన పిల్లలు జటాయువు విగ్రహాన్ని చూసి 'ఇది గద్దా?' అని అడగడం విన్నప్పుడు, ఈ తరం రాబందును కళ్లతో చూడలేదని నాకు తెలిసొచ్చింది.

దేశం మొత్తం మీద ఏం జరుగుతోందో ముందుగా పట్టుకున్నది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. కేవలాదేవ్ జాతీయ పార్కులో 1980లలో వందల జంటలు గూళ్లు కట్టుకునేవి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభూ ప్రకాశ్ అక్కడ ఏళ్ల తరబడి వాటిని లెక్కబెడుతున్నారు. 1990ల రెండో సగానికి వచ్చేసరికి పక్షులు తలలు వేలాడేసుకుని చెట్ల మీద కూర్చుని ఉండేవి, కొమ్మల్లో ఇరుక్కుని చచ్చి ఉండేవి. ఆ తర్వాత గూళ్లే లేవు. 2000లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మన రాబందుల్లో ఎక్కువగా కనబడే జాతుల్ని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఎక్కువగా కనబడే తెల్లవీపు రాబందు 1992 నుంచి 2007 మధ్య నూటికి 99.9 వంతు తగ్గిపోయింది. వెయ్యి ఉన్నచోట ఒక్కటి మిగిలిందని అర్థం. పొడుగు ముక్కువి, సన్నముక్కువి కూడా నూటికి 97 దాకా పోయాయి. ఒకప్పుడు ఊరికొక గుంపు ఉన్న పెద్ద పక్షి ఇంత వేగంగా పడిపోయిన ఉదంతం చాలా అరుదు.

మొదట అందరూ వైరస్ అనుకున్నారు. పురుగుమందులేమోనని వెతికారు, సీసం ఉందేమోనని వెతికారు. జవాబు పాకిస్తాన్‌లోని పంజాబ్ నుంచి వచ్చింది. లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్యుడు, ఆయన బృందం చచ్చిన పక్షుల్ని కోసి చూస్తే గుండె, కాలేయం, మూత్రపిండాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొడి. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు పాడైతే పక్షి దాన్ని బయటికి పంపలేదు, లోపలే గడ్డకడుతుంది. ఏ రోగక్రిమీ దొరకలేదు. అప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్న చాలా సాదాది: ఈ పక్షి తినేది పశువుల్నే కదా, మరి ఆ పశువులకు మనం ఏం ఇస్తున్నాం? మందుల షాపుల్లో విచారించి, మూత్రపిండాలకు హాని చేసే మందుల్లో డైక్లోఫెనాక్‌ను అనుమానించారు. అలా మూత్రపిండాలు పాడై చచ్చిన 25 పక్షుల్లో 25 పక్షుల్లోనూ డైక్లోఫెనాక్ దొరికింది. వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేదు. ఆ మందు వేసిన పశువుల మాంసాన్ని రాబందులకు పెట్టి చూశారు, అవి కూడా అలాగే చచ్చాయి. 2004లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ వ్యాసం ప్రతి చేతికి వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చేత్తో వేసిన సూదులు ఎన్నో, వాటిలో ఎన్ని పశువులు రెండు మూడు రోజుల్లో చచ్చిపోయాయో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడ కొంచెం ఆగాలి. అసలు కీలకం ఇక్కడే ఉంది, పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

పశువు ఒంట్లో డైక్లోఫెనాక్ ఎన్నాళ్లో ఉండదు, కొద్దిరోజుల్లో పోతుంది. సూది వేయించుకుని బతికిన పశువు వల్ల రాబందుకు ఏ హానీ లేదు. సూది పడిన రెండు మూడు రోజుల్లోపే చచ్చిన పశువే విషం. అలాంటివి ఎన్ని ఉంటాయి, పెద్ద లెక్కేమీ కాదుగా అనిపిస్తుంది. కానీ ఈ సూది ఎవరికి ఎక్కువ పడుతుంది? బాగా జబ్బుగా ఉన్నదానికి. చావుకు దగ్గరైనదానికి చివరి ఆశగా రోజూ వేస్తాం. అంటే కళేబరమయ్యే పశువుల్లోకే ఆ మందు ఏరి ఏరి చేరుతుంది. మందు సరైన పశువుకే పడింది, ఆ పశువే రాబందు విస్తరిలో పడింది.

రెండోది మోతాదు. నాలుగైదు కిలోల రాబందును చంపడానికి అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము డైక్లోఫెనాక్ చాలు. పెద్ద ఎద్దుకు ఒకసారి వేసే సూదిలో వందల మిల్లీగ్రాములుంటాయి. మూడోది, రాబందులు గుంపుగా తింటాయి. ఒక్క కళేబరం మీద వాలిన యాభై పక్షులూ ఒకే రోజు విషం తింటాయి. వీటన్నిటినీ కలిపి శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు: పారేసిన కళేబరాల్లో నూటికి ఒకటి కన్నా తక్కువలో ప్రాణాంతక మోతాదు ఉన్నా చాలు, దేశమంతా కనిపించిన ఆ పతనానికి సరిపోతుందని. తర్వాత మనదేశంలో 2004, 2005లో కళేబరాల నుంచి నమూనాలు తీసి పరీక్షిస్తే నూటికి పదింటిలో ఈ మందు ఆనవాళ్లు దొరికాయి.

ఇక రాబందు సంతానం. అది ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెరిగి జతకట్టే వయసుకు రావడానికి ఐదేళ్లు పడుతుంది. పిచ్చుకల్లో సగం చచ్చినా రెండు మూడు కాన్పుల్లో కోలుకుంటాయి. రాబందుల్లో పెద్దవి ఏడాదికి నూటికి పదో పదిహేనో అదనంగా చచ్చినా ఆ జాతి కోలుకోదు. నెమ్మదిగా పిల్లల్ని కనే జీవులన్నిటికీ ఇదే గండం.

సరే, పక్షులు పోయాయి. మీ ప్రశ్న మనిషి గురించి. కళేబరాలైతే ఆగలేదుగా. ఆ మాంసం కుక్కలకు దక్కింది. తిండి ఎంత దొరికితే కుక్క సంతానం అంత పెరుగుతుంది. పారేసే చోట్ల కుక్కలు గుంపులు కట్టాయి, పచ్చిమాంసానికి అలవాటు పడ్డాయి, మేకల మీద పడ్డాయి, చీకటిపడ్డాక ఆ దారిన నడిచే మనుషుల మీదా పడ్డాయి. కుక్కతో పాటే రేబిస్, మనవాళ్లు పిచ్చికుక్క రోగం అనేది.

ఒక బర్రె సంగతి చెబుతాను. మేత మింగలేకపోతోంది, నోట్లోంచి సొల్లు కారుతోంది, గొంతుకు ఏదో అడ్డం పడిందని రైతు పిలిచాడు. నేనూ అదే అనుకుని చెయ్యి మోచేతిదాకా నోట్లో పెట్టి వెతికాను. ఏమీ లేదు. మరుసటి రోజు అది గొంతు బొంగురుపోయి అరవడం, కట్టుకొయ్యను కుమ్మడం మొదలుపెట్టింది. అప్పుడు అడిగితే, నెల కిందట పారేసే చోటు దగ్గర మేస్తుండగా కుక్క కరిచిందని రైతు కొడుకు చెప్పాడు. నాకూ, ఆ ఇంట్లో దాన్ని ముట్టుకున్న వాళ్లందరికీ టీకాలు పడ్డాయి. మేమంతా బతికాం. అదే ఏడాది పక్క ఊళ్లో కుక్క కరిచిన పిల్లవాడికి మాత్రం నాటుమందు కట్టి ఊరుకున్నారు. ఆ పిల్లవాడు దక్కలేదు. ఆ కుక్క రాబందులు పోవడం వల్లే అక్కడికి వచ్చిందని నేను రుజువు చేయలేను. ఒక్కొక్క చావుకీ అలాంటి రుజువు ఎవరూ చూపలేరు. దేశం మొత్తాన్ని కలిపి చూస్తేనే బొమ్మ కనబడుతుంది.

అలా చూసినవాళ్లున్నారు. 2008లో అనిల్ మార్కండేయ, ఆయన సహచరులు పశుగణనల్లోని కుక్కల సంఖ్యను రాబందుల సంఖ్యతో పక్కపక్కన పెట్టి చూశారు. రాబందుల పతనంతో ముడిపడి సుమారు 55 లక్షల కుక్కలు పెరిగాయని, 1992 నుంచి 2006 దాకా దాదాపు 3.85 కోట్ల అదనపు కుక్కకాట్లు, 47 వేలకు పైగా అదనపు రేబిస్ మరణాలు ఉంటాయని అంచనా వేశారు. 2024లో ఎయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంకో దారిలో వెళ్లారు. ఒకప్పుడు రాబందులు బాగా బతకగలిగిన జిల్లాలు ఒకవైపు, మొదటినుంచీ వాటికి అంతగా అనువుకాని జిల్లాలు ఒకవైపు పెట్టి, డైక్లోఫెనాక్ వాడకం మొదలవకముందూ మొదలయ్యాకా మనుషుల మరణాల రేటు ఎలా మారిందో పోల్చారు. మందు రాకముందు రెండు రకాల జిల్లాల్లోనూ మరణాల రేటు దాదాపు ఒకే తీరుగా సాగింది. ఆ తర్వాత రాబందుల జిల్లాల్లో 4 శాతానికి పైగా పెరిగింది. 2000 నుంచి 2005 మధ్య ఏడాదికి లక్ష చొప్పున సుమారు ఐదు లక్షల అదనపు మరణాలని వాళ్ల లెక్క. పశువులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో దెబ్బ ఇంకా ఎక్కువగా పడింది. రేబిస్ టీకాల అమ్మకాలు పెరగడం, నీటిలో మలినాలు పెరగడం కూడా అదే వరుసలో కనిపించాయి.

ఈ అంకెల్ని కళ్లు మూసుకుని నమ్మమని చెప్పను. కుక్కలు పెరగడానికి పట్నాల చెత్తకుప్పలూ, కోళ్ల వ్యర్థాలూ కూడా కారణమే. ఐదు లక్షలు అనేది తలలు లెక్కబెట్టి తేల్చింది కాదు, పోలికల మీద కట్టిన అంచనా. అయినా రెండు వేర్వేరు పద్ధతులు ఒకే దిక్కు చూపించాయి. ఆ దిక్కు నేను ముప్పై ఏళ్లు కళ్లతో చూసినదానికి సరిపోతుంది. అందుకే నేను నమ్ముతాను.

నీళ్ల సంగతి మనవాళ్లు తక్కువగా మాట్లాడతారు. రాబందులు రాకపోతే కళేబరం వారాల తరబడి కుళ్లుతుంది. వాసన భరించలేక వంకలోకి, చెరువు అలుగు కిందికి, కాలువలోకి తోసేస్తారు. తొలి వాన పడగానే అదంతా కొట్టుకొచ్చి తాగే నీళ్లలో కలుస్తుంది. విరేచనాలు ఎందుకొచ్చాయో ఎవరికీ తెలియదు. దొమ్మరోగం (ఆంత్రాక్స్) భయం ఇంకొకటి. విశాఖ ఏజెన్సీ గూడేల్లో చచ్చిన పశువు మాంసం కోసినవాళ్లకు, వండుకున్నవాళ్లకు ఒంటిమీద నల్లటి పుండ్లు వచ్చి ఆసుపత్రుల పాలైన సందర్భాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఆ రోగం మట్టిలో దశాబ్దాలు దాగి ఉండగలదు. కళేబరాన్ని ఎవరు, ఎంత త్వరగా, ఎక్కడ మాయం చేశారన్నది అలాంటిచోట చావుబతుకుల విషయం. ముంబై పార్సీలకైతే ఇది మతాచారాన్నే కదిలించింది. పార్థివ దేహాన్ని పక్షులకు అప్పగించే సంప్రదాయం వాళ్లది. పక్షులు రాక, ఎండను ఒకచోట కేంద్రీకరించే అద్దాలు పెట్టుకోవాల్సి వచ్చింది.

2006లో మన ప్రభుత్వం పశువుల కోసం డైక్లోఫెనాక్ తయారుచేయడాన్ని ఆపమంది. నేపాల్, పాకిస్తాన్ కూడా అదే ఏడాది ఆపాయి. కారణం తెలిసిన సుమారు రెండేళ్లకే నిర్ణయం తీసుకోవడం మెచ్చుకోవలసిన విషయం. కానీ కాగితం మీద ఆగింది పల్లెలో వెంటనే ఆగలేదు. మనుషుల కోసమని తయారైన పెద్ద సీసాలు, ఒక్కోటి ముప్పై మిల్లీలీటర్లవి, పశువుల షాపుల్లోనే దొరికేవి. మనిషికి ఒక డోసు మూడు మిల్లీలీటర్లే. ముప్పై మిల్లీలీటర్ల సీసా ఎవరికోసమో అందరికీ తెలుసు. ఆ సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించడానికి 2015 వచ్చింది. ఈలోగా వేరే మందులు ఆ ఖాళీలోకి వచ్చాయి. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. అంటే పేరు మారిన అదే విషం. కీటోప్రోఫెన్ కూడా రాబందుల్ని చంపుతుందని తేలింది. ఈ రెంటినీ 2023లో పశువులకు నిషేధించారు. నిమెసులైడ్ నిషేధం 2024 డిసెంబరు చివర్లో వచ్చింది. ప్రతిసారీ మందు ముందు బజారుకు వస్తోంది, పక్షులు చస్తున్నాయి, పరిశోధన జరుగుతోంది, ఆ తర్వాత నిషేధం. పశువుల మందుకు అనుమతి ఇచ్చేముందే 'ఈ పశువు చస్తే దీన్ని ఏం తింటుంది, దానికేమవుతుంది' అని పరీక్షించమనాలి. నా కోపమంతా అక్కడే. ఆ పరీక్షకయ్యే ఖర్చు, ఒక జిల్లాలో ఒక ఏడాది రేబిస్ టీకాల ఖర్చు ముందు ఏపాటి?

ఈ ప్రశ్న కింద ఒకాయన 'రైతుకు ఎద్దు ముఖ్యం, రాబందు కాదు. నొప్పిమందు ఆపేస్తే పశువు ఏం కావాలి?' అని రాశారు. న్యాయమైన మాట. జవాబు కూడా ఉంది. మెలోక్సికామ్ అదే పని చేస్తుంది, రాబందులకు హాని చేయదని 2006లోనే పరీక్షించి తేల్చారు. టోల్ఫెనమిక్ ఆమ్లం కూడా పరీక్షల్లో నెగ్గింది. మొదట్లో మెలోక్సికామ్ ధర ఎక్కువగా ఉండేది, చాలా కంపెనీలు తయారుచేయడంతో దిగివచ్చింది. మా రైతులు మొదట 'ఇది నిదానంగా పనిచేస్తుంది సార్' అనేవాళ్లు. రెండు సీజన్లు వాడాక ఆ మాట మళ్లీ వినలేదు. రైతుకు నష్టం లేకుండా పక్షిని కాపాడే దారి దొరికిన అరుదైన సందర్భం ఇది. సుస్థిరాభివృద్ధి అనే పెద్ద పదానికి నాకు తెలిసిన సొంత ఉదాహరణ కూడా ఇదే: ఎద్దు నొప్పి తగ్గాలి, దాని కళేబరం తిన్న పక్షి బతకాలి, ఆ ఊరి పిల్లవాడు కుక్కకాటుకు పోకూడదు. మూడూ ఒకే సీసాలో కుదిరాయి.

మన దగ్గర ఇప్పుడు మిగిలినవి చాలా తక్కువ. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు పైన నిలబడ్డ పాలరాపు గుట్ట అంచుల్లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లున్నట్టు 2013లో గుర్తించారు. రిటైరయ్యాక ఒకసారి వెళ్లి గుట్ట ఎదురుగా పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రెండు పక్షులు గాలి మీద తేలుతూ వచ్చి రాతి అంచున వాలాయి. కళ్లు తుడుచుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఉంది, హర్యానాలోని పింజోర్‌లో ఉన్నది వీటన్నిటికీ పెద్దన్న. అక్కడ పుట్టిన పక్షుల్ని వదలాలంటే చుట్టుపక్కల వంద కిలోమీటర్ల మేర పశువుల మందుల షాపులు శుభ్రంగా ఉండాలి. రాబందు తిండి కోసం రోజుకు అంత దూరమూ తిరగగలదు. అంటే అది బతకాలంటే ఒక అడవికి కంచె వేస్తే చాలదు, నాలుగైదు జిల్లాల రైతులు సహకరించాలి.

మీ పరీక్ష జవాబు గురించి ఒక మాట. 'అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి' అని రాస్తే మీకే కాదు, దిద్దేవాళ్లకూ నమ్మకం కుదరదు. సంబంధం ఏ దారిన నడిచిందో రాయండి: సూది నుంచి పశువుకు, పశువు నుంచి పక్షికి, పక్షి పోతే కుక్కకు, కుక్క నుంచి పిల్లవాడికి. ఆ దారిలో ప్రతి మలుపు దగ్గరా ఒక శాఖ ఉంది. పశుసంవర్ధక శాఖ, ఔషధ నియంత్రణ, అటవీ శాఖ, పంచాయతీ, వైద్య శాఖ. నేను పనిచేసిన కాలంలో ఈ ఐదుగురూ ఒక గదిలో కూర్చుని ఈ విషయం మాట్లాడటం ఒక్కసారి కూడా చూడలేదు. మా రికార్డులో పశువు మరణం, వాళ్ల రికార్డులో కుక్కకాటు, ఇంకొకరి రికార్డులో పక్షి గణన. ఇప్పుడు 'వన్ హెల్త్' పేరుతో వీటిని కలిపి చూసే ప్రయత్నం మొదలైంది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్న జాతీయ ప్రణాళిక 2021లో వచ్చింది. అందులో టీకాలు, కుక్కల సంతాన నియంత్రణ ఉన్నాయి. కళేబరాల సంగతి కూడా అంత గట్టిగా పట్టించుకుంటే బాగుండునని నా కోరిక.

మీది పల్లె అయితే ఇవి మీ ఇంట్లో చెప్పండి. పశువుకు నొప్పి సూది వేసేటప్పుడు సీసా చేతిలోకి తీసుకుని పేరు చదవమనండి. మెలోక్సికామ్ అడగమనండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, నిమెసులైడ్ అని ఉంటే వద్దనమనండి. సూదులు పడ్డ పశువు రెండు మూడు రోజుల్లో చచ్చిపోతే బయట పారేయకుండా, బావులకూ చెరువులకూ దూరంగా, ఆరడుగుల లోతున పూడ్చాలి. పశువు ఉన్నట్టుండి చచ్చి ముక్కులోంచి, నోట్లోంచి నల్లటి నెత్తురు కారుతుంటే దాన్ని కోయకూడదు, చర్మం తీయకూడదు, వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు పెట్టాలి. అది దొమ్మరోగం కావచ్చు.

కుక్క కరిస్తే మొదటి పని పంపు కింద పుండును పెట్టి సబ్బుతో పావుగంట కడగడం. కారం, సున్నం, పసర్లు ఏవీ పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో వెళ్లిన రోజున ఒకటి, ఆ రోజును సున్నాగా లెక్కపెట్టి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకా ఉంటుంది. నెత్తురు వచ్చేలా కరిస్తే పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్ క్రిమిని అడ్డుకునే మందు) కూడా వేయాలి, గుర్తుచేసి అడగండి. కుక్క బాగానే కనిపిస్తోందని మధ్యలో మానేయవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం లేదు.

ఇంకో పని మీరే చేయగలరు. మీ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లనడిగి ఒకప్పుడు గొడ్లు పారేసే చోటు ఎక్కడుండేదో, రాబందుల్ని చివరిసారి ఎప్పుడు చూశారో రాసుకోండి. ఇప్పుడు చచ్చిన గొడ్లను ఎక్కడ వేస్తున్నారో కూడా చూడండి. ఆ రెండూ ఇక్కడ రాస్తే, మీ మండలానికి ఏం చేయవచ్చో మనం మాట్లాడుకుందాం.